మా బోరు నీళ్లు, మావాడి బీరు

నేను బీరు తాగను. దాని రుచి కూడా తెలియదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు నేను కాలేజీలో కొత్తగా చేరిన కెమిస్ట్రీ లెక్చరర్‌ని. ఆ ఊపు మా ఖమ్మం జిల్లా దాకా వచ్చింది. మా వీధి ఆడవాళ్లతో కలిసి నేనూ ఊరేగింపుల్లో నడిచాను. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అదీ సడలిపోయింది. ఇప్పుడు సాయంత్రం పొద్దుగూకితే మా బోనకల్ సెంటర్లో జనం ఎక్కడ మూగుతారో చెప్పక్కర్లేదు. అలా ఊరేగింపుల్లో నడిచిన మనిషి బీరు తయారీ గురించి రాయడమేమిటని నన్నెరిగినవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. నేను రాస్తున్నది నీళ్ల గురించి. బీరులో నూటికి తొంభై పాళ్లకు పైగా నీళ్లే. ఆ నీళ్ల సంగతి నాకు తెలుసు, ఉద్యోగమంతా బ్యూరెట్టు పట్టుకునే గడిచింది.

ఈ గొడవ తెచ్చిపెట్టింది మా పెద్దవాడు. టెక్సస్‌లో డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎంతమందంటే, మా కోడలికి గోంగూర కోసం వెతుక్కునే పనే లేదు. కరోనా రోజుల్లో ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తూ, కారు షెడ్డులో స్టీలు గంగాళం, గ్యాసు పొయ్యి పెట్టుకుని బీరు కాచడం మొదలుపెట్టాడు. నాకు చెప్పలేదు. వాళ్ల నాన్నకు చెప్పాడు, ఆయన నా దగ్గర దాచాడు. చివరికి లెక్కలో ఇరుక్కుపోయి నాకే ఫోన్ చేశాడు.

"అమ్మా, కోప్పడకుండా ఒకటి చెప్పు. హార్డ్‌నెస్, ఆల్కలినిటీ ఒకటేనా?"

కోపం రావలసిన మాటే. కానీ ఆ ప్రశ్న వినేసరికి నాలోని తల్లి కంటే ముందు లెక్చరరమ్మ లేచి కూర్చుంది. ఒకటి కాదురా అని మొదలుపెట్టి గంటసేపు చెప్పాను. పక్క గదిలో మా ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

అక్కడ ఆ పని నేరం కాదు. జిమ్మీ కార్టర్ 1978లో సంతకం చేసిన చట్టం మరుసటి ఏడాది ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరో అంతకంటే ఎక్కువమందో ఉంటే 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు, పన్ను కట్టకుండా చేసుకోవచ్చు. అమ్మకూడదు. రాష్ట్రాల్లో ఆఖరున మిసిసిపీ, అలబామా 2013లో ఒప్పుకున్నాయి. మన దగ్గర అలా కాదు. 1968 నాటి ఎక్సైజు చట్టం కింద లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేస్తే నేరం. హైదరాబాదులో అక్కడికక్కడే చేసి గ్లాసుల్లో పోసే మైక్రోబ్రూవరీలకు కూడా 2015లో ప్రత్యేకంగా నియమాలు పెట్టాకే దారి దొరికింది. కాబట్టి ఇది చదివి ఎవరూ అటక మీది గంగాళం దించొద్దు.

మా ఊళ్లో నీళ్ల గురించి మాట్లాడాలంటే అందరికీ ఒక్క అంకె చాలు, టీడీఎస్. వాటర్ ప్లాంటు కుర్రాడు జేబులోంచి పెన్నులాంటి మీటరు తీసి ఇరవై లీటర్ల క్యానులో ముంచి "యాభై మేడమ్, ప్యూర్" అంటాడు. అదే మీటరు మన బోరు నీళ్లలో ముంచి ఎనిమిది వందలో తొమ్మిది వందలో చూపించి భయపెడతాడు. ఆ మీటరు చేసేదల్లా నీళ్లలోంచి కరెంటు ఎంత పోతుందో చూడటం. కరిగి ఉన్నది ఉప్పా, సున్నమా, సోడానా, జిప్సమా అన్నది దానికి తెలియదు. బీరు కాచేవాడికి కావలసింది సరిగ్గా అదే.

ఇంగ్లండులో బర్టన్ అని ఒక ఊరుంది, ట్రెంట్ నది ఒడ్డున. అక్కడి బావుల నీళ్లకు టీడీఎస్ వెయ్యి దాటుతుంది. మా ప్లాంటు కుర్రాడు చూస్తే పారబొయ్యమంటాడు. ఆ నీళ్లతో చేసిన బీరే 1820ల నుంచి ఓడలెక్కి దొరల కోసం కలకత్తాకు, మద్రాసుకు వచ్చింది. ఇండియా పేల్ ఏల్ అన్న పేరు ఆ వ్యాపారంలో పుట్టిందే. చెక్ దేశంలో పిల్సెన్ నీళ్లు దానికి పూర్తిగా ఎదురు, దాదాపు వాన నీళ్లంత తేలిక. 1842లో అక్కడ మొదలైన బంగారు రంగు బీరుకు నకళ్లే ఇవాళ లోకమంతా అమ్ముడయ్యే లాగర్లు. టీడీఎస్ చూసి ఈ రెండు ఊళ్లలో ఏది మంచిదో చెప్పమంటే మీటరు ఏం చెబుతుంది?

సంగతి అర్థం కావాలంటే బీరు ఎలా చేస్తారో కొంచెం తెలియాలి. బార్లీ గింజలు నానబెట్టి, మొలకెత్తించి, వేడిగాలికి ఆరబెడితే మాల్టు అవుతుంది. మన ఇళ్లలో పసిపిల్లల కోసం రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి పట్టించి జావ కాస్తారే, ఆ పద్ధతే. మొలకలో పుట్టే ఎమైలేజు అనే ఎంజైము పిండిపదార్థాన్ని చక్కెరగా తెగ్గొడుతుంది. మొలకల రాగిజావ పలచగా, తియ్యగా ఉండేది అందుకే. బీరుకైతే మాల్టును బరకగా నలగ్గొట్టి 65 నుంచి 67 డిగ్రీల వేడి నీళ్లలో ఓ గంట నానబెడతారు. దీనికి మ్యాష్ అని పేరు. తర్వాత ఆ తియ్యటి నీళ్లు వడగట్టి, పొట్టుకు అంటుకున్న తీపిని మరికొన్ని వేడినీళ్లతో కడిగి దించి, హాప్స్ అనే చేదు పూలు వేసి మరిగిస్తారు. చల్లార్చి ఈస్టు వేస్తే కొన్ని వారాల్లో బీరు తయారు.

నీళ్ల కెమిస్ట్రీకి అసలు పరీక్ష ఆ మొదటి గంటలోనే. మ్యాష్ పీహెచ్ 5.2కూ 5.6కూ మధ్య ఉంటే ఎంజైములు కుదురుగా పనిచేస్తాయి. అంతకు మించితే చక్కెర సరిగా దిగదు. 6 దగ్గరకు పోతే పొట్టును కడిగేటప్పుడు టానిన్లు కూడా దిగుతాయి, తాగితే వక్క నమిలినట్టు వగరట. మావాడు ముందుగా నల్లా నీళ్ల పీహెచ్ కొలిచి, 8 దాటిందని బెంబేలెత్తాడు. నీళ్ల పీహెచ్‌తో అంత పని లేదు. మాల్టు కలిపాక ఎంత అన్నదే లెక్క. స్వేదనజలంలో లేత రంగు మాల్టు కలిపినా పీహెచ్ దానంతటదే 5.7, 5.8 దగ్గరకు దిగి వస్తుంది. మాల్టులో ఫాస్ఫేట్లు ఉంటాయి. నీళ్లలో కాల్షియం ఉంటే ఆ ఫాస్ఫేట్లతో కలిసి అడుగుకు దిగిపోతూ హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది, పీహెచ్ ఇంకాస్త దిగుతుంది. దీన్ని ఎదురు లాగేది బైకార్బొనేటు. వచ్చిన ఆమ్లాన్ని వచ్చినట్టే మింగేస్తుంది. ఆ మింగే శక్తి పేరే ఆల్కలినిటీ.

ఇప్పుడు మావాడి ప్రశ్నకు జవాబు వచ్చేసింది. హార్డ్‌నెస్ అంటే కాల్షియం, మెగ్నీషియం. బీరుకు అవి చుట్టాలు. ఆల్కలినిటీ అంటే బైకార్బొనేటు. లేత బీరుకు అది శత్రువు. మన బావుల్లో ఈ రెండూ ఒకే రాతి నుంచి కరిగి ఒకే బిందెలోకి వస్తాయి కాబట్టి జనం రెండింటినీ కలిపి ఉప్పు నీళ్లనో, చౌడు నీళ్లనో తిట్టిపోస్తారు.

ఒక ముక్క పక్కదారి. ఇన్నేళ్లు నేను పాఠంగా చెప్పిన పీహెచ్ పుట్టింది బీరు కంపెనీ ప్రయోగశాలలో. కోపెన్‌హాగన్‌లో కార్ల్స్‌బర్గ్ ల్యాబులో ఎంజైముల మీద పనిచేస్తూ సోరెన్‌సెన్ 1909లో ఈ కొలత పెట్టాడు. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లల్ని ఏడిపించే డయజోనియం లవణాలున్నాయే, వాటిని కనిపెట్టిన పీటర్ గ్రీస్ ఆ తర్వాత బతికినన్నాళ్లూ బర్టన్‌లో ఆల్‌సాప్ బ్రూవరీ కెమిస్టు. నీటి పరీక్ష కిట్లలో నైట్రైటు ఉంటే గులాబీరంగు తిరిగే పరీక్ష ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. ఊరేగింపుల్లో నినాదాలిచ్చిన నోటితో ఇన్నాళ్లూ బ్రూవరీల కెమిస్ట్రీ పాఠాలు చెప్పానన్నమాట. మా ఆయన ఈ మాట చుట్టాలందరికీ చెప్పి నవ్వుతున్నాడు.

మళ్లీ నీళ్ల దగ్గరకు వద్దాం. ఆల్కలినిటీలోంచి కాల్షియం, మెగ్నీషియం చేసే మేలును తీసేస్తే మిగిలేది ఎంత? దీన్ని 1953లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ కొల్‌బాక్ లెక్కగట్టాడు. బీరువాళ్లు దాన్ని మిగులు ఆల్కలినిటీ అంటారు. సూత్రం చిన్నదే. ఆల్కలినిటీ అంకెలోంచి, కాల్షియాన్ని 1.4తో భాగించినదీ మెగ్నీషియాన్ని 1.7తో భాగించినదీ తీసెయ్యాలి. అన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో, ఆల్కలినిటీ మాత్రం కాల్షియం కార్బొనేటు లెక్కలో.

రిటైరయ్యేటప్పుడు కాలేజీవాళ్లు శాలువా కప్పారు, నేను మాత్రం సొంతంగా ఒక బ్యూరెట్టు, స్టాండు కొనుక్కున్నాను. మా పెరట్లో బోరు నీళ్లు వంద మిల్లీలీటర్లు తీసుకుని, మిథైల్ ఆరెంజ్ చుక్కలు వేసి, 0.02 నార్మల్ సల్ఫ్యూరికామ్లం చుక్కచుక్కగా వదిలాను. పసుపు పోయి ఎర్రబారే దాకా ఎన్ని మిల్లీలీటర్లు పడితే అన్ని పదులు ఆల్కలినిటీ. అలాగే ఈడీటీఏతో హార్డ్‌నెస్ చూశాను. లెక్క తేలిక కోసం అంకెలు కాస్త గుండ్రం చేసి రాస్తున్నాను: ఆల్కలినిటీ 350, కాల్షియం 70, మెగ్నీషియం 34. కాల్షియం వంతు 50, మెగ్నీషియం వంతు 20. రెండూ తీసేస్తే మిగులు 280.

పిల్సెన్ లాంటి లేత బీరుకు ఇది సున్నాకు దగ్గరగా ఉండాలి. నల్లటి బీర్లకైతే వంద, నూటయాభై దాకా చెల్లుతుంది. బొగ్గులా మాడ్చిన బార్లీకి స్వతహాగా పులుపు ఉంటుంది, అది కొంత ఆల్కలినిటీని తినేస్తుంది. డబ్లిన్ నీళ్లలో బైకార్బొనేటు ఎక్కువ, డబ్లిన్ పేరు మోసింది నల్లటి స్టౌటుకు. మ్యూనిక్‌లోనూ పాత బీర్లు ముదురు రంగువే. ఆ ఊళ్లవాళ్లకు ఈ సూత్రాలు తెలియవు. తరాల తరబడి కాచి చూసి, తమ బావికి ఏది కుదిరితే దాన్ని పట్టుకున్నారు. మా బోరు 280 దగ్గర లేత బీరు కాస్తే మ్యాష్ పీహెచ్ కొల్‌బాక్ లెక్కన సుమారు అర పాయింటు పైకి పోయి 6 దాటుతుంది. డబ్లిన్‌వాడు కూడా మా పెరట్లోకొస్తే నెత్తిన చెయ్యి పెట్టుకోవలసిందే.

మా ఊళ్లో బీరు కాచకపోయినా ఈ అంకెలు రోజూ వంటింట్లో కనబడుతూనే ఉంటాయి. బోరు నీళ్లలో కందిపప్పు ఉడకదు. కాల్షియం పప్పు పొరల్లో పెక్టిన్‌ను బిగించేస్తుంది. అప్పుడు మనవాళ్లు చిటికెడు వంటసోడా వేస్తారు. గీజరు కాయిలు మీద, ఎసరు పెట్టే గిన్నె అడుగున తెల్లటి గార కడుతుంది. ఆ గారే కాల్షియం కార్బొనేటు. కాచితే బైకార్బొనేటు విడిపోయి సున్నంగా అడుగుకు దిగుతుంది, పైన తేటలో ఆల్కలినిటీ తగ్గుతుంది.

"అయితే కాచి వాడితే సరిపోతుంది కదమ్మా" అన్నాడు మావాడు. అతనుండే చోట సరిపోవచ్చు. మా బోరుకు చాలదు. కాల్షియం 70 ఉంటే దానితో పాటు దిగగలిగే ఆల్కలినిటీ మహా అయితే 175, ఎందుకంటే కాల్షియాన్ని కార్బొనేటు లెక్కలోకి మార్చాలంటే రెండున్నరతో గుణించాలి. మెగ్నీషియం అంత తేలిగ్గా దిగదు. పైగా మా నీళ్లలో హార్డ్‌నెస్ మొత్తం కలిపి 315 అయితే ఆల్కలినిటీ 350. ఆ ఎక్కువైన 35 సోడియం బైకార్బొనేటు, అంటే సాక్షాత్తూ వంటసోడా. ఎంతసేపు మరిగించినా అడుగుకు దిగేది కాదు. 1841లో స్కాట్లండు కెమిస్టు థామస్ క్లార్క్ సున్నపుతేట కలిపి బైకార్బొనేటును దించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు, దానికీ ఇదే హద్దు. సున్నానికి మాకేం కరువు లేదు, కాస్త దక్షిణానికి పోతే జగ్గయ్యపేట, మేళ్లచెరువు దగ్గర అంతా సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలే. కానీ సోడాను సున్నం దించలేదు.

ఇక ఆమ్లం కలపడం. ఇరవై లీటర్ల బోరు నీళ్లలో 300 ఆల్కలినిటీని చంపాలంటే బజారులో దొరికే 88 శాతం లాక్టిక్ ఆమ్లం పది మిల్లీలీటర్లకు పైగా పడుతుంది. అంత పోస్తే పులుపు నాలుకకు తగులుతుంది. కొద్దిపాటి సర్దుబాటుకైతే ఆమ్లం మంచిదే, ఇంత భారానికి కాదు.

దగ్గరి దారి ఆర్వో నీళ్లు. ఆ దారిలోనూ మావాడు ఒక గుంటలో పడ్డాడు. అంతకుముందు ఇంకో గుంట ఉంది, అది ముందు చెప్పాలి.

మొదటిసారి నల్లా నీళ్లతో కాచిన బీరుకు ఆసుపత్రి వాసన వచ్చిందట. కోడలు ఒక గుక్క నోట్లో పోసుకుని డెట్టాల్ అందట. ఆ పిల్ల ముక్కు గట్టిదే. డెట్టాల్‌లో ఉండేది క్లోరోజైలినాల్, ఫినాల్ జాతికి క్లోరిన్ తగిలించిన పదార్థం. మాల్టులోనూ ఫినాల్ జాతి పదార్థాలు ఉంటాయి. నీళ్లలోని క్లోరిన్ వాటికి అంటుకుంటే పుట్టేవి క్లోరోఫినాల్సే. ఇవి ఎంత కొంచెమున్నా ముక్కు పట్టేస్తుంది. తప్పు నీళ్లది కాదు, తాగడానికి అవి భేషైన నీళ్లు. మామూలు క్లోరిన్ అయితే కాస్తే ఎగిరిపోతుంది, రాత్రంతా మూత తీసి పెట్టినా చాలావరకు పోతుంది. ఉత్తర టెక్సస్‌లో చాలా ఊళ్లకు వచ్చేవి క్లోరమైన్ కలిపిన నీళ్లు, అంటే క్లోరిన్‌కు అమ్మోనియా జోడించినవి. అది కాచినా మొండికేస్తుంది. దానికి మందు పొటాషియం మెటాబైసల్ఫైటు. మన దగ్గర నిమ్మ స్క్వాష్ నిలవుండటానికి చిటికెడు వేస్తారే, అదే. అమెరికాలో బిళ్లలుగా అమ్ముతారు. ఒక్క బిళ్ల డెబ్భై అయిదు లీటర్లకు సరిపోతుంది, నిమిషాల్లో పని అయిపోతుంది.

క్లోరిన్ భయంతో మావాడు మొత్తం ఆర్వో నీళ్లకు మారాడు. అంతకంటే స్వచ్ఛమైనవి ఏముంటాయని అతని ధీమా. మా ప్లాంటు కుర్రాడి సిద్ధాంతమే, ఊరు మారిందంతే. ఆ బీరు తేటపడలేదు, రుచీ పల్చబడిందట. కాల్షియం లేకపోతే మ్యాష్ పీహెచ్ దిగాల్సినంత దిగదు, పులిసిన తర్వాత ఈస్టు గుంపు కట్టి అడుగుకు చేరదు. లీటరుకు కనీసం 50 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే మేలని బీరువాళ్లు అంటారు. తీసేసినదాన్ని మళ్లీ వెయ్యాలన్నమాట, ఈసారి మనకు కావలసిన జోడీతో.

ఇక్కడే లెక్క రుచిగా ఉంటుంది. కాల్షియాన్ని నీళ్లలోకి తేవడానికి రెండు వాహనాలు, జిప్సం, క్యాల్షియం క్లోరైడు. పది లీటర్లకు గ్రాము జిప్సం వేస్తే లీటరుకు కాల్షియం 23, సల్ఫేటు 56 మిల్లీగ్రాములు పెరుగుతాయి. గ్రాము క్యాల్షియం క్లోరైడు డైహైడ్రేటు వేస్తే కాల్షియం 27, క్లోరైడు 48 పెరుగుతాయి. సల్ఫేటు ఎక్కువైతే హాప్స్ చేదు పదునుగా, పొడిగా తేలుతుంది. క్లోరైడు ఎక్కువైతే మాల్టు తీపి నిండుగా తోస్తుంది. మావాడు ఒకసారికి వాడేవి ముప్ఫై లీటర్లు. "మూడేసి గ్రాముల చొప్పున రెండూ వెయ్యి" అన్నాను. కాల్షియం 50, సల్ఫేటు 56, క్లోరైడు 48. ఎటూ మొగ్గని నీళ్లు. చేదు బీరు కావాలన్నప్పుడు జిప్సం ఆరు గ్రాములకు పెంచి క్యాల్షియం క్లోరైడును ఒకటిన్నరకు దించమన్నాను. అప్పుడు కాల్షియం 60, సల్ఫేటు 112, క్లోరైడు 24 అవుతాయి. బర్టన్ బావుల్లో భూమిలోని జిప్సం పొరల వల్ల సల్ఫేటు ఆరు వందలు దాటుతుంది. పందొమ్మిదో శతాబ్దం చివరికి వేరే ఊళ్ల బ్రూవరీలు తమ నీళ్లలో జిప్సం కలిపి దాన్ని అనుకరించడం మొదలుపెట్టాయి, ఆ పనికి బర్టన్ పేరే పెట్టారు. మావాడూ ఒకసారి ఆరు వందలకు పోదామన్నాడు. వద్దన్నాను. అంత సల్ఫేటు అలవాటు లేని కడుపుకు విరేచనాల మందు, మన తాగునీటి ప్రమాణం కూడా 400 దాటనివ్వదు.

జాగ్రత్తలు రెండు. జిప్సం అనగానే మా వైపు రైతుకు వేరుశనగ చేనుకు వేసే బస్తా గుర్తొస్తుంది. ఆ జిప్సం పనికిరాదు, ఆహారానికని గ్రేడు చేసిందే వాడాలి. క్యాల్షియం క్లోరైడు గాలిలోని తేమను పీల్చి నీరుగారిపోతుంది. మూత గట్టిగా లేని డబ్బాలో నిలవున్నదాన్ని తూచితే గ్రాము గ్రాము కాదు.

మావాడు నీళ్లను నెబ్రాస్కాలో ఒక ల్యాబుకు పంపి రిపోర్టు తెప్పించుకున్నాడు. బీరు కాచేవాళ్లలో అక్కడికి పంపడం ఆనవాయితీ అట. సల్ఫేటు చాలా తక్కువుందని సంబరపడుతూ ఫొటో పెట్టాడు. కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే ఆ వరసలో సల్ఫేటుగా కాక సల్ఫేటులోని గంధకంగా ఇచ్చారు. మూడుతో గుణించరా అన్నాను. గంధకం పరమాణుభారం 32, సల్ఫేటు అయానుది 96. ఇంటర్ మొదటి పాఠం. రిపోర్టు తప్పు కాదు, చదవడం రావాలి అంతే.

ఇంత కథ విన్నాక మా ఆయనకు ఒక సందేహం వచ్చింది. మన దగ్గరా తరతరాలుగా తాగుతూనే ఉన్నారు కదా, మరి నీళ్ల కోసం ఇంత తలబద్దలు కొట్టుకున్నవాడు ఎవడూ లేడేమని. మంచి సందేహమే. మా బోనకల్ చుట్టూ తాళ్లున్నాయి, భద్రాచలం అడవుల వైపు పోతే జీలుగు చెట్లున్నాయి. కల్లులో ఉండే నీళ్లన్నీ చెట్టువే. వేరు వడగట్టి, కొలిచి పైకి పంపితే, ఆకులు చక్కెర కలిపినవి. గీత కార్మికుడికి ఆల్కలినిటీతో పనేముంది? కోయల ఇప్పసారాకు పువ్వు నానేటప్పుడు నీళ్లు పోస్తారు గానీ, బట్టీ పెట్టి ఆవిరిని చల్లార్చి పట్టుకుంటారు కాబట్టి లవణాలు కుండ అడుగునే ఆగిపోతాయి. అడవి దాటి బస్తరులోకి వెళితే అక్కడ బియ్యంతో లంద అని చేస్తారు. గింజలో పిండిని చక్కెర చేసి, వడగట్టి, బట్టీ పెట్టకుండా తాగే సరుకు కాబట్టి మన పొరుగున బీరుకు అసలు చుట్టం అదే. దాన్ని కాచే ఆడవాళ్లు ఏ వాగు నీళ్లకు ఏ రుచి వస్తుందో ఎరిగే ఉంటారని నా నమ్మకం. ఏ యూనివర్సిటీ అయినా వెళ్లి వాళ్లనడిగి రాసుకుంటే బాగుణ్ణు.

మావాడి బీరు సంగతి అడుగుతారేమో. ఇప్పుడు తేటగా వస్తోందట, మ్యాష్ పీహెచ్ 5.4 దగ్గర నిలుస్తోందట. అందులో నేను మెచ్చుకున్నది అతని టైట్రేషన్‌ను. మీటరు ఉన్నా సరే, ఆల్కలినిటీని చేత్తో తీసి చూసుకుంటున్నాడు. మిగతాది వాళ్ల నాన్నకు చెప్పుకుంటాడు.

చదివేవాళ్లకు నాదొక మనవి. ఇంటికి బోరున్నవాళ్లు శుభ్రమైన సీసాలో ఒక లీటరు నీళ్లు పట్టుకుని గ్రామీణ నీటి సరఫరా శాఖ జిల్లా ల్యాబుకు పోండి. టీడీఎస్ ఒక్కటి రాయించుకుని వెనక్కి రావద్దు. ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం, క్లోరైడు, సల్ఫేటు, నైట్రేటు, ఫ్లోరైడు విడివిడిగా అడగండి. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నడుములు వంచేసిన సంగతి తెలియనివాళ్లు లేరు. ఆ జిల్లా పేరుతోనే నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే నల్లగొండ పద్ధతిని తయారుచేసింది. దాంట్లోనూ పటిక ఎంత వెయ్యాలో తేల్చేది ఫ్లోరైడుతో పాటు నీళ్ల ఆల్కలినిటీ. టీడీఎస్ మీటరుకు ఫ్లోరైడు కనబడదు. అయిదు వందల లోపు చూపించే నీళ్లలోనూ అది హద్దు దాటి ఉండొచ్చు. ఆ హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. రిపోర్టులో అంతకు మించి కనిపిస్తే ఆ బోరు నీళ్లు తాగడం, వాటితో వండటం ఆ రోజే ఆపెయ్యండి. కాచితే ఫ్లోరైడు పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.